పెంపుడు కుక్కకు ఇంకో రెండేళ్లు: పరిశోధనలో ఇంతవరకు తేలిందేమిటి?

కుక్కల ఆయుష్షు పెంచే మాత్ర గురించి ఈమధ్య వార్తలు జోరుగా వస్తున్నాయి. వాటిలో తరచుగా కనబడకుండా పోయే సంగతి ఒకటుంది. కుక్కలను చిన్నప్పటి నుంచి చనిపోయేదాకా గమనించి, వాటి జీవితకాలం ఇంత పెరిగిందని లెక్కతో చూపించిన ప్రయోగాల్లో ఇప్పటికీ ముందు చెప్పుకోవలసింది తిండి మీద చేసినదే. అందులో కొత్త మందేమీ లేదు.

ఆ ప్రయోగం 48 లాబ్రడార్ పిల్లలతో మొదలైంది. ఒకే ఈతలో పుట్టిన వాటిని జతలుగా విడదీశారు. ఎనిమిది వారాల వయసు నుంచి ప్రతి జతలో ఒకదానికి మామూలుగా, రెండోదానికి దాని జోడీ తిన్నదానికంటే పావు వంతు తక్కువగా పెట్టారు. రెండింటికీ పెట్టింది ఒకే తిండి, కొలతలోనే తేడా. ఇలా దాదాపు పద్నాలుగేళ్లు సాగింది. 2002లో ఫలితాలు బయటికి వచ్చాయి. తక్కువ తిన్న గుంపులో సగం కుక్కలు 13 ఏళ్లు దాటాయి. రెండో గుంపులో సగం కుక్కలు 11.2 ఏళ్లకే పోయాయి. అంటే తేడా 1.8 ఏళ్లు. పన్నెండు పదమూడేళ్లు బతికే జీవికి ఇది చిన్న లాభం కాదు.

ఆయుష్షు కంటే ఆసక్తి కలిగించే లెక్క ఇంకొకటి ఇందులోనే ఉంది. కీళ్ల అరుగుదలకు మందులు వాడాల్సిన పరిస్థితి మామూలుగా తిన్న గుంపులో సగం కుక్కలకు 10.3 ఏళ్లకే వచ్చింది. తక్కువ తిన్నవాటిలో అది 13.3 ఏళ్ల దాకా రాలేదు. పెరిగిన కాలం మంచాన పడి ఈడ్చిన కాలం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. పైగా ఈ ప్రయోగానికి డబ్బు పెట్టింది కుక్కల ఆహారం అమ్ముకునే ప్యూరినా కంపెనీ. తమ సరుకు తక్కువగా పెడితేనే కుక్కకు మేలని తేలిన ఫలితాన్ని వాళ్లే ప్రచురించారు.

అయితే ఈ ఫలితాన్ని చాలామంది చదివే తీరులో ఒక పొరపాటు ఉంది. లంఖణం పరమౌషధం అన్న సామెతకు ఇది రుజువు అనుకుంటారు. నిజానికి తక్కువ తిన్న కుక్కలేమీ బక్కచిక్కిపోలేదు. అవి పశువైద్యులు సరైన బరువు అని చెప్పే స్థాయిలోనే ఉన్నాయి. మామూలుగా తిన్నవే కాస్త లావెక్కాయి. అదీ ఊబకాయం కాదు, ఇళ్లలో రోజూ కనబడే, 'బొద్దుగా ముద్దుగా ఉంది' అనిపించుకునే లావు. కాబట్టి ఆ ప్రయోగం చెప్పింది పస్తుల మహిమ గురించి కాదు. మామూలుగా ఉన్నట్టు కనిపించే బరువు ఎంత నష్టం చేస్తుందో చెప్పింది.

2019లో వచ్చిన ఇంకో అధ్యయనం ఇదే సంగతిని వేరే దారిలో చూసింది. అమెరికాలో పశువైద్యశాలల రికార్డుల నుంచి 12 జాతులకు చెందిన 50 వేలకు పైగా కుక్కల వివరాలు తీసి, నడివయసులో లావుగా ఉన్నవాటిని, సరైన బరువున్నవాటిని పోల్చారు. పన్నెండు జాతుల్లోనూ లావున్నవే ముందు పోయాయి. మగ జర్మన్ షెపర్డ్‌లలో తేడా ఐదు నెలలే. మగ యార్క్‌షైర్ టెర్రియర్‌లలో మాత్రం రెండున్నరేళ్ల వరకు ఉంది. ఇది రికార్డులు చూసి చేసిన లెక్క, ప్రయోగం కాదు. కానీ రెండు వేర్వేరు పద్ధతులు ఒకే వైపు చూపిస్తున్నప్పుడు అనుమానించడానికి పెద్దగా చోటుండదు.

పెద్ద కుక్కకు చిన్న ఆయుష్షు

జంతు ప్రపంచంలో సాధారణంగా ఒంటి పరిమాణం పెద్దదైతే ఆయుష్షూ పెద్దదే. ఎలుక రెండు మూడేళ్లు, ఏనుగు అరవై డెబ్బై ఏళ్లు. కుక్కల జాతి లోపలికి వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. చివావా పదిహేనేళ్లు బతకడం వింత కాదు. గ్రేట్ డేన్ అంతకాలం బతికితే విశేషం. 74 జాతులకు చెందిన 56 వేల కుక్కల మరణాల రికార్డులను కార్నీలియా క్రౌస్ బృందం పరిశీలించి 2013లో ఒక లెక్క ఇచ్చింది. ఒంటి బరువు రెండు కిలోలు పెరిగే కొద్దీ ఆయుష్షు సుమారు ఒక నెల తగ్గుతుంది. పెద్ద కుక్కలు ముందుగా ముసలివి కావడం కంటే, ముసలితనం మొదలయ్యాక వేగంగా క్షీణించడమే ఇందుకు కారణమని కూడా ఆ బృందం చూపించింది.

ఎందుకిలా? పూర్తి జవాబు లేదు. ఒక బలమైన ఆధారం మాత్రం ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోన్ దగ్గర దొరుకుతుంది. కుక్కపిల్ల ఎముకలు, కండరాలు ఎంత పెరగాలో ఇది చాలావరకు నిర్ణయిస్తుంది. చిన్న జాతుల రక్తంలో తక్కువగా, పెద్ద జాతుల్లో ఎక్కువగా ఉంటుంది. ఈ హార్మోన్‌ను తయారుచేసే జన్యువులోని ఒక చిన్న తేడాయే చిన్న కుక్కలను చిన్నగా ఉంచుతోందని 2007లో తేలింది. ఆ తేడా మనుషులు కుక్కలను పెంచడం మొదలుపెట్టాక పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. 2022లో 54 వేల ఏళ్ల నాటి తోడేలు అవశేషాల్లోనే అది కనిపించింది. అంటే పొట్టితనానికి కావలసిన సరుకు ప్రకృతి దగ్గర ముందే ఉంది, మనిషి దాన్ని ఏరుకున్నాడు.

ఎలుకల్లో ఇదే హార్మోన్ ప్రభావం తక్కువగా ఉన్నవి ఎక్కువ కాలం బతుకుతాయని ప్రయోగశాలల్లో పలుమార్లు రుజువైంది. పెరగమని ఒంటికి నిరంతరం వచ్చే ఆజ్ఞ చిన్నతనంలో వరం, తర్వాత భారం అని దీన్నుంచి ఊహించవచ్చు. క్యాన్సర్ కోణం కూడా ఉంది. పెద్ద జాతుల మరణాల్లో క్యాన్సర్ వాటా ఎక్కువ. అడవిలో ఒక జంతువు ఒళ్లు పెరగడానికి లక్షల ఏళ్లు పడుతుంది, ఆ లోగా క్యాన్సర్‌ను అడ్డుకునే కట్టుదిట్టాలు కూడా ఏర్పడతాయి. ఈనాటి జాతుల్లో చాలా వాటికి ఇప్పుడున్న రూపం గత రెండు వందల ఏళ్లలోనే వచ్చింది. ఒళ్లు పెరిగింది కానీ, దానికి తగిన కాపలా పెరిగే వ్యవధి దొరకలేదు. 2023లో అడిలైడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ముందుకు తెచ్చిన వాదన ఇదే.

ముఖం ఆకారం సంగతీ ఇలాంటిదే. బ్రిటన్‌లో 5,84,734 కుక్కల వివరాలతో 2024లో వచ్చిన అధ్యయనంలో, మొత్తం మీద మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం కుక్కలు దాటే వయసు, 12.5 ఏళ్లు. పొడుగు మూతి ఉన్న చిన్న ఆడ కుక్కలకు 13.3. చప్పిడి ముఖం ఉన్న మధ్యరకం మగ కుక్కలకు 9.1. నాలుగేళ్లకు పైగా తేడా. ఊపిరి సరిగా ఆడని ముఖాన్ని అందమని ఎంచి, తరతరాలుగా దాన్నే ఇంకా చప్పగా చేసిన ఫలితం ఇది. దీనికి మందు కనిపెట్టమని శాస్త్రాన్ని అడగడం కొంచెం విడ్డూరమే.

ఇక్కడ అంకెల గురించి ఒక మాట. ఫ్రెంచ్ బుల్‌డాగ్ ఆయుష్షు నాలుగున్నరేళ్లేనన్న వార్త 2022లో చాలామందిని కంగారు పెట్టింది. రెండేళ్ల తర్వాత, పైన చెప్పిన పెద్ద అధ్యయనంలో అదే జాతికి 9.8 ఏళ్లు అని వచ్చింది. కుక్కలు అంతలోనే బాగుపడలేదు. ఈ జాతి బ్రిటన్‌లో ఉన్నట్టుండి ఫ్యాషన్ అయింది కాబట్టి, మొదటి లెక్క వేసిన నాటికి అక్కడున్న ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో చాలావరకు పిల్లలూ కుర్రవే. ముసలివే లేని గుంపులో చనిపోయినవన్నీ చిన్న వయసులోనే చనిపోయినట్టు కనబడతాయి. ఆ జాతికి శ్వాస కష్టాలు నిజమే, ఆయుష్షు తక్కువన్నదీ నిజమే. కానీ 4.5కీ 9.8కీ మధ్య ఉన్న ఆ అగాధంలో రోగం కంటే లెక్క వేసిన తీరే ఎక్కువ. జాతుల ఆయుష్షు పట్టికలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. మిశ్రమ జాతి కుక్కలు ఎప్పుడూ ఎక్కువ బతుకుతాయన్న నమ్మకానికి కూడా ఆ అధ్యయనం మద్దతివ్వలేదు. మేలుజాతి వాటికి 12.7, మిశ్రమ జాతి వాటికి 12 అని వచ్చింది.

మందుల వైపు

ఐజీఎఫ్-1 కథ తెలిశాక, దాన్ని తగ్గిస్తే పెద్ద కుక్కల ఆయుష్షు పెరుగుతుందా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో సెలీన్ హలియువా స్థాపించిన లాయల్ అనే కంపెనీ ఈ ప్రశ్న మీదే వ్యాపారం మొదలుపెట్టింది. ఎల్ఓవై-001 అనే ఇంజెక్షన్ పెద్ద కుక్కల్లో ఆ హార్మోన్‌ను తగ్గించేది. 2023 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 'పని చేస్తుందని ఆశించడానికి తగిన ఆధారం ఉంది' అని చెప్పింది. అదే కంపెనీ ముసలి కుక్కల కోసం చేసిన ఎల్ఓవై-002 మాత్రకు 2025 ఫిబ్రవరిలో ఇదే మాట దక్కింది. పదేళ్లు దాటిన కుక్కల్లో వయసుతో వచ్చే జీవక్రియ లోపాలను సరిదిద్దడం దాని లక్ష్యం. దాని మీద 1,300 కుక్కలతో పెద్ద ట్రయల్ కూడా మొదలుపెట్టారు.

ఎఫ్‌డీఏ మాటను వార్తలు చాలాచోట్ల 'అనుమతి' అని రాశాయి. అది అనుమతి కాదు. షరతులతో కూడిన అనుమతి అనే ఒక తాత్కాలిక దారి ఉంది. ఆ దారిలో వెళ్లడానికి మూడు మెట్లు: ఆశించదగ్గ ప్రభావం, భద్రత, తయారీలో నాణ్యత. ఆ వార్తలు వచ్చిన నాటికి దక్కింది మొదటి మెట్టు మాత్రమే. మూడూ ఎక్కాక ఏడాదికోసారి పొడిగించుకుంటూ గరిష్ఠంగా ఐదేళ్లు అమ్ముకోవచ్చు. ఆలోగా మందు నిజంగా పనిచేస్తుందని పూర్తిగా రుజువు చేయాలి. అయినా ఆ రెండు నిర్ణయాలకు చరిత్రలో చోటుంది. ఒక ఫలానా రోగానికి కాకుండా ఆయుష్షు పెంచడానికే ఒక మందును పరిశీలించవచ్చని నియంత్రణ సంస్థ ఒప్పుకోవడం అదివరకు లేదు. మనుషుల మందులు చేసేవాళ్లు కూడా దీన్ని జాగ్రత్తగా గమనిస్తున్నారంటే కారణం అదే.

రాపమైసిన్ కథ ఇంకా పాతది, ఇంకా రుచికరమైనది. 1964లో కెనడా నుంచి ఒక బృందం ఈస్టర్ దీవికి వెళ్లి అక్కడి మట్టి తీసుకొచ్చింది. ఆ మట్టిలోని ఒక బ్యాక్టీరియా తయారుచేసే పదార్థాన్ని మాంట్రియల్‌లో సురేన్ సెహగల్ బృందం వేరు చేసింది. ఆ దీవికి స్థానికుల పేరు రాపా నుయి, మందు పేరు అక్కడి నుంచి వచ్చింది. కంపెనీ ఆ ల్యాబ్ మూసేసినప్పుడు సెహగల్ ఆ బ్యాక్టీరియాను ఇంటి ఫ్రీజర్‌లో దాచి కాపాడాడు. 1999లో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు మందుగా దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. పెద్ద మోతాదులో ఇది రోగనిరోధక శక్తిని అణిచిపెడుతుంది, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా చూస్తుంది. చిన్న మోతాదులో దాని పని వేరు. తిండి సమృద్ధిగా ఉందని కణానికి చెప్పే ఒక మీటను అది తగ్గిస్తుంది. దాంతో కణం పెరగడం తగ్గించి లోపలి మరమ్మతులు చూసుకుంటుంది. పావు వంతు తిండి తగ్గించిన లాబ్రడార్లలో జరిగిన మార్పుకు ఇది మందు రూపంలో దగ్గరి చుట్టమన్నమాట.

2009లో మూడు అమెరికా ప్రయోగశాలలు కలిసి ఈ మందును 600 రోజుల వయసున్న ఎలుకలకు ఇచ్చాయి. మనిషి లెక్కలో అది సుమారు అరవై ఏళ్లు. పదింట తొమ్మిది ఎలుకలు చనిపోయే వయసు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం వెనక్కి జరిగింది. ముసలితనంలో మొదలుపెట్టినా ఫలితం ఉంటుందని చూపడమే అందులో అసలు విశేషం.

ఎలుకల్లో పనిచేసినవన్నీ పెద్ద జంతువుల్లో పనిచేయవు. కుక్క ఇక్కడే అక్కరకొస్తుంది. ప్రయోగశాల ఎలుక ఒకే జన్యు మూసలో, ఒకే పంజరంలో, ఒకే గుళికలు తిని బతుకుతుంది. పెంపుడు కుక్క మనిషి పీల్చే గాలే పీలుస్తుంది, అదే ఇంట్లో పడుకుంటుంది, దానికీ క్యాన్సర్లు, గుండె జబ్బులు, మతిమరుపు వస్తాయి. దానికి డాక్టర్లున్నారు, రికార్డులున్నాయి. ముసలితనం మాత్రం పదేళ్లలో పూర్తవుతుంది. అప్పట్లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఉన్న డేనియల్ ప్రామిస్లో, మాట్ కేబర్‌లీన్, టెక్సాస్ ఏ అండ్ ఎంకు చెందిన కేట్ క్రీవీ కలిసి నడిపిన డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్ వెనక ఉన్న ఆలోచన ఇదే. అందులో 50 వేలకు పైగా కుక్కలు చేరాయి. ట్రయాడ్ పేరుతో రాపమైసిన్ ట్రయల్ కూడా అందులో భాగమే. ఏడేళ్లు దాటిన 580 పెద్ద కుక్కల్లో కొన్నిటికి ఏడాది పాటు మందు, మిగతావాటికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఆ తర్వాత కూడా గమనించాలన్నది ప్రణాళిక. 2023 చివర్లో ప్రభుత్వ నిధులు ఆగిపోతాయేమోనని ప్రాజెక్ట్ మొత్తం టెన్షన్‌లో పడింది. 2024 చివర్లో ట్రయాడ్‌కు 70 లక్షల డాలర్ల గ్రాంట్ రావడంతో అది ముందుకు కదిలింది.

చూసే కన్ను

ఈ రంగంలో మందు కనిపెట్టడం ఎంత కష్టమో, అది పనిచేసిందో లేదో తెలుసుకోవడం అంతకంటే కష్టం. కుక్క తనకెలా ఉందో చెప్పదు. యజమాని చెబుతాడు. యజమానికి ఆశ ఉంటుంది.

కీళ్ల నొప్పితో కుంటే కుక్కల మీద 2012లో వచ్చిన ఒక పరిశీలన చూడండి. ఉత్తుత్తి మందు తీసుకున్న కుక్కల నడకను యంత్రంతో కొలిచారు. యంత్రం ప్రకారం మార్పేమీ లేకపోయినా దాదాపు 40 శాతం సందర్భాల్లో యజమానులకు మెరుగైనట్టే కనబడింది. పశువైద్యులూ ఇందులో పెద్దగా మెరుగు కాదు. రాపమైసిన్‌తో జరిగిన చిన్న ప్రయోగాల్లోనూ ఈ పాఠమే. 2017లో 24 కుక్కలతో పది వారాలు చేసినదానిలో గుండె పనితీరు కొంత మెరుగైనట్టు కనిపించింది. తర్వాత 17 కుక్కలతో, ఎవరికి ఏ మాత్ర అందిందో ఎవరికీ తెలియకుండా చేసినదానిలో గుండెలో తేడా తేలలేదు. కుక్క హుషారుగా మారిందని చెప్పిన యజమానులు ఉత్తుత్తి మాత్ర వైపు కూడా ఉన్నారు. ఇంత చిన్న ప్రయోగాలతో మందు పనికిరాదని తీర్పు చెప్పలేం. పనికొస్తుందనీ చెప్పలేం. 580 కుక్కలు కావలసి వచ్చింది అందుకే.

పెద్ద సర్వేల్లో ఇంకో చిక్కుంది. రోజుకు ఒక్కసారే తినే కుక్కల్లో కొన్ని జబ్బులు తక్కువగా ఉన్నాయని, బుద్ధి చురుకుదనం మెరుగ్గా ఉందని డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్ 2022లో 24 వేల కుక్కల వివరాలతో చెప్పింది. చదవగానే రెండో పూట తిండి ఆపేయాలనిపిస్తుంది. కానీ షుగరు, పొట్ట జబ్బులు ఉన్న కుక్కలకు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమని డాక్టర్లే చెబుతారు. అప్పుడు రెండుసార్లు తినడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల రెండుసార్లు తింటున్నాయా? ఒక్క సమయంలో వేసిన ప్రశ్నల జాబితా దీన్ని తేల్చలేదు. ఈ సంగతి పరిశోధకులే స్పష్టంగా రాశారు. వ్యాయామం తక్కువున్న కుక్కల్లో మతిమరుపు ఎక్కువన్న ఫలితానికీ ఇదే వర్తిస్తుంది. మతి తప్పిన కుక్క ఎలాగూ తక్కువ తిరుగుతుంది. ఇలాంటి ప్రశ్నలకు జవాబు దొరకాలంటే అవే కుక్కలను ఏళ్ల తరబడి వెంబడించాలి. 2012 నుంచి మూడు వేలకు పైగా గోల్డెన్ రిట్రీవర్లను మోరిస్ ఫౌండేషన్ అలా గమనిస్తోంది.

వయసు లెక్కే ఇంకా సరిగా కుదరలేదు. ఏడుతో హెచ్చవేసే పాత పద్ధతి తప్పని అందరికీ తెలుసు. 2020లో కాలిఫోర్నియా పరిశోధకులు 104 లాబ్రడార్ల డీఎన్‌ఏ మీద వయసుతో చేరే రసాయన గుర్తులను మనుషులవాటితో పోల్చి కొత్త లెక్క ఇచ్చారు. దాని ప్రకారం ఏడాది కుక్క 31 ఏళ్ల మనిషితో, నాలుగేళ్లది 53 ఏళ్ల మనిషితో, పన్నెండేళ్లది 70 దాటిన మనిషితో సమానం. మొదట్లో పరుగు, తర్వాత నడక. ఒకే జాతి నుంచి వచ్చిన లెక్క కాబట్టి చివావాకూ గ్రేట్ డేన్‌కూ దీన్నే వాడడం తొందరపాటు. అయినా ఒక మందు పనిచేస్తోందా అన్నది పదేళ్లు ఆగకుండా రక్తపరీక్షతో తెలుసుకునే రోజు వస్తే, ఇలాంటి కొలబద్దల నుంచే వస్తుంది.

అన్నిటికంటే ఇబ్బందికరమైన కొలత మరణమే. బ్రిటన్‌లో 29 వేలకు పైగా కుక్కల మరణాలను పరిశీలిస్తే, దాదాపు 89 శాతం బాధ చూడలేక ఇంజెక్షన్‌తో ముగించినవే. అంటే 'ఆయుష్షు' అని మనం రాసుకునే అంకెలో శరీరం ఓడిపోయిన రోజు కంటే యజమానీ డాక్టరూ కలిసి నిర్ణయించిన రోజే ఎక్కువగా ఉంది. ఆ నిర్ణయం మీద వైద్యం ఖర్చు, ఇంట్లో మెట్లు, కుక్కను ఎత్తుకోగలిగే ఓపిక, అన్నీ పనిచేస్తాయి. యాభై కిలోల కుక్క లేవలేకపోతే ఒకలా, నాలుగు కిలోల కుక్క లేవలేకపోతే ఇంకోలా ఆలోచిస్తారు. పెద్ద కుక్కల తక్కువ ఆయుష్షులో ఈ వాటా ఎంతో ఎవరూ కచ్చితంగా విడదీయలేదు.

దీనివల్ల మందుల ట్రయల్స్‌లో ఒక విచిత్రమైన పరిస్థితి రావచ్చు. ఒక మాత్ర ముసలితనాన్ని అసలు తాకకుండా, కీళ్ల నొప్పిని మాత్రం కొంత తగ్గించిందనుకుందాం. కుక్క లేచి నడుస్తుంది, చివరి నిర్ణయం ఆరు నెలలు వాయిదా పడుతుంది, ట్రయల్ లెక్కలో ఆయుష్షు పెరిగినట్టు వస్తుంది. శాస్త్రవేత్త దృష్టిలో అది తప్పుడు విజయం, ఎందుకంటే మనుషుల ముసలితనం గురించి దాన్నుంచి నేర్చుకునేది ఏమీ లేదు. కుక్కకు మాత్రం ఆ ఆరు నెలలు నొప్పి లేకుండా గడిచినవే. ట్రయాడ్ లాంటి వాటిలో మరణం తేదీతో పాటు గుండె, కదలిక, బుద్ధి చురుకుదనం విడివిడిగా కొలవడం ఈ రెండు విజయాలనూ వేరు చేసి చూడడానికే.